లాంతరు ఓడ వంటవాడి గొంతు

వఫీఖా ఖాలా ఫోన్ చేసేసరికి నేను పొయ్యి మీద వంకాయలు కాలుస్తున్నాను.

"హనాదీ, లాంతరు ఓడ మళ్ళీ తీశారే," అంది.

ఆవిడకి డెబ్బై ఆరేళ్ళు. మా చిన్నప్పుడు సాయంత్రం ఐదింటికి టీవీలో వచ్చే ఆ జపాన్ బొమ్మల సీరియల్లో దీమా అనే ఎనిమిదేళ్ళ పిల్లకి గొంతు ఇచ్చింది ఆవిడే. ఇప్పటికీ డమాస్కస్ బజార్లో ఆవిడ టమాటాలు బేరమాడితే, అమ్మేవాడు తలెత్తి చూసి నవ్వుతాడు.

"ఆ జపాన్ వాళ్ళే కంప్యూటర్ బొమ్మలతో కొత్తగా చేశారట. ఎవరో గల్ఫ్ చానల్ వాళ్ళు కొన్నారు. పాతది అరబిక్‌లోకి ఇక్కడే మార్చాం కదా, కొత్తది కూడా ఇక్కడే చెయ్యాలని వాళ్ళ పట్టు. మాటలు నువ్వు రాయాలి."

"ఆలోచించి చెప్తాను ఖాలా."

"ఆలోచించడానికేముంది? ఆ ఓడ వస్తుంటే నువ్వు పిలిచినా పలికేదానివి కాదని మీ అమ్మ నా దగ్గర ఎన్నిసార్లు మొత్తుకుందో."

ఫోన్ పెట్టేశాక వంకాయలు బొగ్గులయ్యేదాకా కుర్చీలోంచి లేవలేదు.

లాంతరు ఓడ కథ చాలా చిన్నది. ఒడ్డుకి దూరంగా లంగరేసిన ఓడ ఒకటి. దాని మీద పెద్ద దీపం. వచ్చేపోయే నౌకలకి దారి చూపించడం దాని పని. ఓడలో దీమా, వాళ్ళ అన్న, ఓ ముసలి కాపలాదారు, అబూ మిల్హ్ అనే లావుపాటి వంటవాడు, ఒక పిల్లి. తుఫాను వచ్చినప్పుడల్లా వంటవాడు పిల్లలిద్దరినీ బల్ల కిందకి తోసి, "మూడే అలలు పిల్లలూ. లెక్కపెట్టండి, అయిపోతాయి," అనేవాడు. మా తరంలో ఆ మాట రానివాళ్ళు లేరు. పరీక్ష హాలు గుమ్మం దగ్గర అనుకునేవాళ్ళం. పన్ను పీకించుకునేటప్పుడు అనుకునేవాళ్ళం.

రెండువేల పదమూడు చలికాలంలో, అంతర్యుద్ధం నడుస్తుండగా, ఒక ఇంటి నుంచి ఇంకో ఇంటికి మందుల పెట్టె చేరుస్తూ ప్రభుత్వం మనుషులకి పట్టుబడ్డాను. నాలుగు నెలలు ఒక భవనం కింద, నేలమాళిగలో ఉంచారు. పిలుపు వచ్చినప్పుడు కళ్ళకి గుడ్డ కట్టి, నడవాలో గోడకేసి నిలబెట్టేవాళ్ళు. అప్పుడు నా పక్కనే ఎక్కడో ఒక మగగొంతు, అచ్చం అబూ మిల్హ్‌లాగే, "మూడే అలలు పిల్లలూ," అనేది. "లెక్కపెట్టండి. అయిపోతా... యి." ఎవరో పగలబడి నవ్వేవాళ్ళు. ఆ చివరి మాట సాగి సాగి ఆగిన చోట మొదటి దెబ్బ పడేది.

మూడుతో అయిపోయేది కాదు.

బయటపడ్డాక సరిహద్దు దాటి టర్కీలోని గాజియాన్‌తెప్‌లో పదకొండేళ్ళున్నాను. ఆ ప్రభుత్వం కూలాక తిరిగొచ్చాను. కొట్టారని మా వాళ్ళకి చెప్పగలిగాను. చిన్నప్పుడు నేను ప్రాణం పెట్టుకున్న గొంతు వినిపించి కొట్టారని మాత్రం ఎవరికీ చెప్పలేకపోయాను. అంత పెద్ద బాధ పక్కన అది చిల్లర విషయంలా అనిపించేది. అయినా ఇన్నేళ్ళలో నన్ను నిద్రలోంచి లేపింది దెబ్బలు కాదు, ఆ సాగదీసిన మాటే.

రెండు రోజులు ఆలోచించి ఒప్పుకున్నాను. పని కావాలి. కాదంటే కారణం చెప్పాలి.

*

స్టూడియో ఒక పాత భవనం మూడో అంతస్తులో ఉంది. కరెంటు ఉన్న గంటలు తక్కువ. కింద పెరట్లో జనరేటర్. సౌండ్ చూసే ముహన్నద్ మా అందరికంటే చిన్నవాడు, ముప్పై రెండేళ్ళుంటాయి. రోజంతా మాతే అనే ఆకు టీ తాగుతూ ఎవరో ఒకరిని ఆటపట్టిస్తుంటాడు.

పాత్రల పేర్లు, వాడుక మాటలు పాతవాటితో కలవాలంటే ముందు పాత ఎపిసోడ్లు చూడాలి. నేను శబ్దం తీసేసి చూడటం మొదలుపెట్టాను.

"ఉస్తాజా, మూగ సినిమాకి డబ్బింగ్ రాస్తున్నారా? చెప్తే నేను ఇంట్లో పడుకునేవాణ్ణిగా," అన్నాడు ముహన్నద్. చదువుకున్న ఆడవాళ్ళని ఇక్కడ ఉస్తాజా అంటారు.

"బొమ్మ చూస్తున్నాను. మాటలు నాకు నోటికొచ్చు."

అది అబద్ధం కాదు. కానీ బొమ్మే నేను అనుకున్నట్టు లేదు. నా జ్ఞాపకంలో ఆ ఓడ మా వీధంత పొడుగుండేది. ఇక్కడ చూస్తే ఒక బస్సంత ఉంది. సముద్రమంటే నాలుగు నీలి గీతలు, అవే పదే పదే వచ్చిపోతున్నాయి. దీమా ఏడిస్తే రెండు కన్నీటి చుక్కలు కదులుతాయి, మొహం కదలదు. రంగులు వెలిసిపోయాయి. ఇంత చిన్న బొమ్మ కోసమా మేమంతా ఊపిరి బిగబట్టుకుని కూర్చున్నది అనిపించింది. అనిపించినందుకు జాలేసింది కూడా, బొమ్మ మీదో, మా మీదో తెలీదు.

తుఫాను ఎపిసోడ్ రోజున వఫీఖా ఖాలా వచ్చి నా పక్కన కూర్చుంది. రిమోట్ లాక్కుని శబ్దం పెంచింది. "నా గొంతు నేను వినద్దా ఏంటి?" అంది.

లేచి వెళ్ళిపోదామనుకున్నాను. లేచేలోపే తుఫాను మొదలైంది. గాలి హోరు, కుండలు దొర్లిన చప్పుడు, తర్వాత వంటవాడు. "మూడే అలలు పిల్లలూ. లెక్కపెట్టండి, అయిపోతాయి."

ఎంత మామూలుగా అన్నాడో. సాగదీయలేదు. కూర దించుతూ ఇంట్లోవాళ్ళతో మాట్లాడినట్టు అన్నాడు. ఆ గొంతు ఇచ్చిన నటుడు తన మంచం మీదే, మనవల మధ్య కన్నుమూసి ఇరవై ఏళ్ళయింది. అది వేరు, నేను నడవాలో విన్నది వేరు అని ఆ రోజు మొదటిసారి స్పష్టంగా తెలిసింది. ఒళ్ళు తేలికైంది.

"మంచి మనిషి," అంది ఖాలా తెర వంక చూస్తూ. "ఇప్పుడు ఆయన జాగాలో ఎవర్ని తెస్తామో ఏమో."

కొత్త సీరియల్లో అబూ మిల్హ్ సన్నబడ్డాడు. జుట్టు దువ్వుకుని, జోకులేస్తూ తిరుగుతాడు. ఓడ తళతళలాడుతుంది. సముద్రంలో ఒక్కో నీటి బొట్టూ విడిగా కనిపిస్తుంది. పిల్లల కళ్ళు గాజు గోళీల్లా మెరుస్తాయి, రెప్ప వెయ్యడం మర్చిపోయినట్టు చూస్తాయి. చానల్ వాళ్ళు పంపిన కాగితంలో ఒకటి మాత్రం గట్టిగా రాశారు. మూడు అలల మాట తీసెయ్యకూడదు. అది లేకపోతే పెద్దవాళ్ళు చూడరు.

*

వంటవాడి గొంతు కోసం ఒక మంగళవారం తొమ్మిదిమందిని పిలిచాం. నేను, ఖాలా, ముహన్నద్ అద్దానికి ఇవతల. అవతల మెత్తలు కొట్టిన చిన్న గది, మైకు. ఆరుగురు వచ్చి వెళ్ళారు. తుఫాను ఎపిసోడ్ తర్వాత నాకు ధైర్యం వచ్చింది, వాళ్ళు చెప్తుంటే నవ్వుతూ రాసుకుంటున్నాను.

ఏడోవాడి పేరు తైసీర్. యాభై ఏళ్ళుంటాయి. సన్నగా, భుజాలు ముందుకి వంగి ఉన్నాడు. బళ్ళలో తోలుబొమ్మలాడించేవాణ్ణని చెప్పాడు. హెడ్‌ఫోన్ సర్దుకుని, ఒకసారి దగ్గి, మొదలుపెట్టాడు.

"మూడే అలలు పిల్లలూ. లెక్కపెట్టండి. అయిపోతా... యి."

నా చేతిలోంచి పెన్ను ఎప్పుడు పడిందో తెలీదు. వీపు దానంతటదే గోడ కోసం వెనక్కి జరిగింది. దెబ్బ ఎక్కడ పడుతుందా అని మెడ బిగుసుకుంది. ఎదురుగా ఖాలా చప్పట్లు కొడుతోంది. నాకు చప్పట్లు వినపడలేదు.

"అచ్చం ఆయనే," అంది ఖాలా కళ్ళు తుడుచుకుంటూ. "ఆ చివర కాస్త సాగదీస్తున్నాడు, దిద్దుకుంటాడులే. హనాదీ, ఏమంటావ్?"

బాత్రూమ్‌లోకి వెళ్ళి కుళాయి విప్పాను. నీళ్ళు రాలేదు. అద్దంలో చూసుకుంటే పెదాలు తెల్లగా ఉన్నాయి. ఇదే వయసువాళ్ళు ఈ ఊళ్ళో లక్షమంది ఈ మాట అనగలరని నాకు నేను చెప్పుకున్నాను. చెప్పుకుంటూనే ఎండిన కుళాయిని బిగించి, మళ్ళీ విప్పాను.

బయటికి వచ్చేసరికి తైసీర్ మెట్ల దగ్గర నిలబడి ఉన్నాడు. నా వంక చూశాడు. వాడు నన్ను ఎన్నిసార్లు చూసి ఉంటాడు, నేను వాణ్ణి ఒక్కసారీ చూడలేదు అనుకున్నాను. అన్నిటికంటే ఆ ఆలోచనే నన్ను భయపెట్టింది.

"ఉస్తాజా, మీది షాఘూర్ పేట వైపా?"

"కాదు," అన్నాను.

ఆ ఒక్క మాటకి అతను తల కొంచెం పక్కకి వంచాడు, వింటున్నట్టు. ఇంకేమీ అనకుండా మెట్లు దిగిపోయాడు. ఆదివారం పొద్దున మొదటి రికార్డింగ్‌కి అతన్నే ఖాయం చేశారు.

*

ఆ నాలుగు రోజులు నేను ఇంటికి రోజుకో దారిలో వెళ్ళాను. మినీబస్సులో వెనక సీటు కోసం కాచుకున్నాను, నా వెనక ఎవరూ ఉండకూడదని. తలుపుకి గడియ వేసి, కుర్చీ అడ్డం పెట్టి, మళ్ళీ లేచి వెళ్ళి గడియ చూశాను.

ముహన్నద్‌కి చెప్తే సరిపోయేది. వాళ్ళ అన్న ఆ భవనాల్లో ఒకదాంట్లోనే పోయాడు. నేను పేరు చెబితే చాలు, ఆ సాయంత్రానికే వాళ్ళ పేటలో కుర్రాళ్ళు తైసీర్ తలుపు తట్టేవాళ్ళు. ఆ నెలల్లో అలా జరిగాయి. మా వీధి చివర మంగలి ఒకణ్ణి ఎవరో వేలెత్తి చూపించారు. పది రోజుల తర్వాత వాడు కాదని తేలింది. అప్పటికి వాణ్ణి పూడ్చిపెట్టేశారు. అతనంటే భయం ఒక పక్క, నా నోరంటే నాకే భయం ఇంకో పక్క.

శుక్రవారం ఊరి చివర జరమానా పేటలో ఉండే జుమానా దగ్గరికి వెళ్ళాను. నాతో అదే గదిలో ఉండేది. ఇప్పుడు ఆడవాళ్ళకి జుట్టు కత్తిరించే చిన్న కొట్టు నడుపుతోంది. సెలవు రోజైనా కొట్లోనే ఉంది. నా మొహం చూసి షట్టరు సగం దించి, టీ పెట్టింది.

"ఎవరైనా కనబడ్డారా?" అని అడిగింది. ఆ నాలుగు నెలలు అనుభవించిన వాళ్ళకి వేరే ప్రశ్న రాదు.

చెప్పాను. గ్లాసులో చక్కెర కలుపుతున్న చెంచా ఆగిపోయింది.

"ఓడ గొంతువాడా?"

"నీకూ గుర్తుందా?"

"నేను మర్చిపోతానా? నాకు గుడ్డ ఎప్పుడూ వదులుగా కట్టేవాళ్ళు, ముక్కు పక్కనుంచి నేల కనిపించేది. నాలుగు నెలలు నేను చూసింది ఆ నేలే." గ్లాసు నా ముందుకి జరిపింది. "ఆ గొంతుకి బూట్లు లేవు హనాదీ."

"అంటే?"

"మిగతావాళ్ళంతా బూట్లు. వాడివి ఒట్టి కాళ్ళు. చలికి నీలంగా ఉండేవి. ఒకసారి పక్కన బూటు వాడి పాదం తొక్కి పట్టుకుంది, అప్పుడు మాట అన్నాడు. తొక్కితేనే అన్నాడు."

"వాడూ ఖైదీయేనా?"

"నాకేం తెలుసు? నేను చూసింది చెప్తున్నా."

"కొట్టలేదుగా అయితే?"

జుమానా తన గ్లాసులో చెంచా మళ్ళీ తిప్పింది. "ప్రమాణం చెయ్యమంటే చెయ్యను. పైన చేతులేం చేశాయో నాకు కనపడలేదు. చూడు, వాడు కొట్టలేదని నాతో చెప్పించుకోడానికి వచ్చావు. కొట్టాడని చెప్పినా నీకు ఓదార్పే. నా దగ్గర రెండూ లేవే."

తిరిగొస్తుంటే ఆ పాదాలే కళ్ళ ముందు ఉన్నాయి. అతనూ ఖైదీయేనని నమ్మితే భయం పోవాలి కదా. పోలేదు.

*

ఆదివారం అందరికంటే ముందు వెళ్ళి, తలుపు దగ్గర ముహన్నద్ పక్కనే ఉండాలనుకున్నాను. అలాగే వెళ్ళాను. పది నిమిషాలకి కరెంటు పోయింది.

"జనరేటర్ మొరాయిస్తోంది, చూసొస్తా," అని ముహన్నద్ కిందకి దిగాడు. నేనూ వస్తానని లేచేసరికి గుమ్మంలో తైసీర్ ఉన్నాడు.

చీకటి కాదు. చిన్న కిటికీలోంచి వెలుతురు వస్తోంది. కానీ మా వైపు గదిలోనూ గోడలన్నీ మెత్తలే. ఇక్కడ గొంతు చించుకున్నా మెట్ల మీదకి వినపడదు, దానికోసమే కట్టిన గది. అతను లోపలికి రెండడుగులు వేశాడు. నేను బల్ల అవతలికి జరిగాను.

"అక్కడే ఆగండి," అన్నాను.

వెంటనే ఆగాడు. ఆగమంటే ఆగడం బాగా అలవాటైనవాడిలా, చేతులు పక్కకి పెట్టుకుని నిలబడ్డాడు.

"మీరు 'కాదు' అన్నప్పుడే పోల్చుకున్నాను," అన్నాడు నేల చూస్తూ. "మెట్ల పక్క గది. మీరు అలలు పైకి లెక్కపెట్టేవాళ్ళు. పదిహేడు దాకా వెళ్ళేవారు ఒక్కోసారి."

"నా మొహం చూశావా?"

"లేదమ్మా. నాకూ కట్టేవాళ్ళు. గొంతులే తెలుసు నాకు."

"నువ్వక్కడ ఏం చేస్తుండేవాడివి?"

"చావలేక బతికేవాణ్ణి." అన్నాడు. "పట్టుకున్న రోజున వృత్తేంటని అడిగారు. తోలుబొమ్మలన్నాను. వాళ్ళలో ఒకడికి లాంతరు ఓడ ఇష్టం. వంటవాడిలా మాట్లాడమన్నాడు, మాట్లాడాను. వాడికి నవ్వాగలేదు. అప్పటినుంచి ఎవర్ని బయటికి తెచ్చినా ముందు నన్ను తెచ్చేవాళ్ళు. మాట అయ్యాక మొదలుపెట్టేవాళ్ళు. అందుకని చివర సాగదీసేవాణ్ణి. ఎంత సాగితే అంత. అవతలి మనిషి ఊపిరి పీల్చుకుంటారని."

ఆ సాగదీయడం నాకు పన్నెండేళ్ళ పీడకల. అతను దాన్ని సాయమనుకుని చేశాడు. నాకు కోపం వచ్చిందో, ఏడుపు వచ్చిందో ఇప్పటికీ చెప్పలేను.

"కొట్టావా ఎవర్నైనా?"

అతను తలెత్తలేదు. లేదని వెంటనే అనేస్తాడని అనుకున్నాను.

"ఒకసారి నీళ్ళ బకెట్ నా చేతికిచ్చి పొయ్యమన్నారు. చలికాలం. పోశాను. ఎవరి మీదో తెలీదు. ఆడమనిషి అరిచింది." అన్నాడు. "మీరేనేమో నాకు తెలీదు."

నేనేనో కాదో నాకూ తెలీదు. నా మీద నీళ్ళు చాలాసార్లు పోశారు.

"ఇక్కడికి ఎందుకు వచ్చావు మరి? వేరే పనే లేదా ఈ ఊళ్ళో?"

"ఉంది. సిమెంటు మొయ్యగలను ఇంకా." మొదటిసారి నా వంక చూశాడు. "ఆ గొంతు పిల్లల కోసం నేర్చుకున్నాను. ఇన్నేళ్ళలో పిల్లల ముందు ఒక్కసారీ తియ్యలేకపోయాను. ఒక్కసారి తీద్దామనిపించింది. మీరు పొమ్మంటే పోతాను. నా పేరు ఎవరికైనా చెప్పినా మీ ఇష్టం. నేను పారిపోను."

కింద జనరేటర్ దడదడలాడి అందుకుంది. దీపాలు వెలిగాయి. వెలుగులో చూస్తే అతని పై పెదవి మీద చెమట పట్టి ఉంది. నాకంటే అతనే ఎక్కువ భయపడుతున్నాడని అప్పుడు గమనించాను. అయినా బల్ల ఇవతలికి రాలేకపోయాను.

"ఏంటి ఇద్దరూ దయ్యాన్ని చూసినట్టున్నారు?" అన్నాడు ముహన్నద్, చేతుల గ్రీజు తుడుచుకుంటూ. "ఉస్తాజా, మొదలెడదామా?"

ఇద్దరూ నా వంకే చూస్తున్నారు. ఒకడి అన్న అక్కడ పోయాడు, ఒకడు అక్కడినుంచి వచ్చాడు. నేను నోరు తెరిస్తే వాళ్ళిద్దరి మధ్య ఏం జరుగుతుందో నాకు తెలుసు.

"పది నిమిషాలు," అన్నాను. "ఒక మాట మార్చాలి."

కాగితం తీసుకుని తుఫాను సన్నివేశం మళ్ళీ రాశాను. వంటవాడు పిల్లల్ని బల్ల కిందకి తోస్తాడు, అంతే, ఏమీ అనడు. మూడు అలల మాట దీమా అంటుంది, తనకంటే చిన్నదైన, భయంతో వణుకుతున్న ఓడ పిల్లితో. తైసీర్ కాగితం చదివి, మడిచి, తల ఊపాడు. తర్వాత లోపలికి వెళ్ళి మిగతా మాటలన్నీ చెప్పాడు. పప్పు మాడిందని, ఉప్పు అయిపోయిందని, ముసలి కాపలాదారు గురక ఓడని కదిలిస్తోందని. బాగా చెప్పాడు. ఖాలా నవ్వి నవ్వి దగ్గింది. నేను వింటున్నంతసేపూ నా కుర్చీని గోడకి ఆనించే ఉంచాను.

చానల్ వాళ్ళు ఒప్పుకోలేదు, మూడు వారాలు ఉత్తరాలు నడిచాయి. చివరికి వఫీఖా ఖాలా ఫోన్ తీసుకుని, "ఆ మాట మొదట విన్నది నేనే నాయనా, ఇప్పుడు అనే వంతు దీమాదే," అని కసిరాక ఊరుకున్నారు. మార్పు ఎందుకని ఆవిడ నన్ను అడగలేదు. ఒకరోజు తైసీర్ మెట్లు దిగుతుంటే, పాదాలు ఆచితూచి వేసే అతని నడక వంక చాలాసేపు చూసి, నా వంక చూసి, నా చేతిలో ఖర్జూరం పెట్టింది. అంతే.

ఇరవై ఆరు ఎపిసోడ్లు అతను చెప్పాడు. నాతో ఎప్పుడూ ఒంటరిగా మాట్లాడే ప్రయత్నం చెయ్యలేదు. గదిలోకి వచ్చే ముందు, తలుపు తెరిచి ఉన్నా సరే, దగ్గేవాడు, వెనకనుంచి వస్తున్నట్టు నాకు తెలియాలని. నేను అతన్ని క్షమించానా అని జుమానా అడిగింది. నీళ్ళు ఎవరి మీద పడ్డాయో తెలిస్తే కదా, అన్నాను.

తుఫాను ఎపిసోడ్ ప్రసారమైన మధ్యాహ్నం జుమానా కొట్లోనే ఉన్నాను. ముగ్గురు పిల్లలు నేల మీద కూర్చుని చూస్తున్నారు, వాళ్ళ తల్లులు తలకి రంగు వేయించుకుంటున్నారు. కొత్త సముద్రం పెద్దగా లేచింది, ఓడ నిలువునా ఊగింది. పిల్లలకి భయమే వెయ్యలేదు. ఒకత్తి మధ్యలో లేచి దాహం అంది. దీమా పిల్లిని ఒళ్ళోకి తీసుకుని మాట చెప్పడం మొదలుపెట్టింది.

జుమానా చేతిలో దువ్వెన ఆగింది. నేను అప్పటికే తలుపు దగ్గర నిలబడి ఉన్నాను, గొళ్ళెం మీద చెయ్యి వేసి. చివరి పాట మొదలయ్యేదాకా అక్కడే నిలబడ్డాను.